యు.ఎ.ఇ.లో ఉపాధి: వర్క్ పర్మిట్ల రకాలు, యజమానుల బాధ్యతలు

ఉత్తర తెలంగాణ జిల్లాలు, కడప, గోదావరి ప్రాంతాల నుండి అనేకులు ఉపాధి నిమిత్తం యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కు వెళుతున్నారు. అచట సందర్శక వీసాపై పనిచేయడం చట్టవిరుద్ధం. మానవ వనరులు, ఎమిరటైజేషన్ మంత్రిత్వ శాఖ పర్మిట్ పొందనిదే ప్రైవేటు సంస్థలు ఎవరినీ నియమించరాదు. ఫ్రీ జోన్లకు, ఇంటి పనివారికి వేరు నిబంధనలు వర్తిస్తాయి.

2022 ఫిబ్రవరి 2న అమలులోకి వచ్చిన కార్మిక చట్టం క్రింద గల పర్మిట్లలో ముఖ్యమైనవి:

1. విదేశాల నుండి రప్పించుకునే కార్మికులకు
2. ఒక సంస్థ నుండి మరొక సంస్థకు మారే వారికి
3. కుటుంబ సభ్యుల స్పాన్సర్‌షిప్‌పై నివసిస్తున్న వారికి
4. తాత్కాలిక, పార్ట్‌టైం పనులకు
5. 15 నుండి 18 సంవత్సరాల లోపు వారికి, పరిమిత షరతులపై

పర్మిట్‌కు దరఖాస్తు చేయవలసినది యజమానియే. నియామకపు ఖర్చులను కార్మికుని నుండి వసూలు చేయరాదు, పాస్‌పోర్టును అట్టిపెట్టుకొనరాదు. పర్మిట్ లేకుండా పని చేయించుకునే యజమానికి 2024 సవరణ ప్రకారం లక్ష నుండి పది లక్షల దిర్హమ్‌ల జరిమానా విధించవచ్చు.

సాధారణంగా పదవ తరగతి ఉత్తీర్ణులు కాని వారు ఉద్యోగానికై యు.ఎ.ఇ. వెళ్లుటకు ఈ-మైగ్రేట్ ద్వారా వలస అనుమతి పొందవలసి ఉంటుంది. వీరికి ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద, ప్రమాదవశాత్తు మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే, రూ.10 లక్షల బీమా రక్షణ ఉంటుంది. సందర్శక వీసాపై వెళ్లిన వారు ఈ రక్షణను కోల్పోతారు. కావున విమానం ఎక్కుటకు ముందే ఉద్యోగ ఒప్పందాన్ని, వీసా రకాన్ని సరిచూసుకొనుట అత్యవసరం.