ఆటలో ఓడదొంగలు, అలీబాగ్‌లో సర్‌ఖేల్

పోయిన దీపావళి సెలవుల్లో భివండీలో ఉన్న మా పెద్దమ్మ ఇంటికి పోయాను. అక్కడ మా అన్న ఎవరి దగ్గరో పాత ప్లేస్టేషన్ 3 కొన్నాడు. దాంతో పాటు ఒకే ఒక్క డిస్క్ వచ్చింది. పేరు 'వన్ పీస్: పైరేట్ వారియర్స్ 3'. కింద సాంచాల చప్పుడు, పైన మేమిద్దరం ఆట. టీవీ సౌండు ఎంత పెంచినా సాంచాల ముందు వినబడేది కాదు. అందుకే అన్న కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి నాకు కథ చెప్పేవాడు.

ఆట తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు చెప్తాను. మనం ఒక్కరమే ఉంటాం. ఎదురుగా వందల మంది వస్తారు. చతురస్రం బటన్ నొక్కితే చిన్న దెబ్బలు, త్రికోణం నొక్కితే పెద్ద దెబ్బ. నాలుగు చతురస్రాలు కొట్టి ఒక త్రికోణం కొడితే ఒక రకం, అయిదు కొట్టి త్రికోణం కొడితే ఇంకో రకం. గుండ్రం బటన్‌కు అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మైదానం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్కలో చాలామందిని పడగొడితే వాళ్ల నాయకుడు బయటికి వస్తాడు, వాణ్ణి కూడా ఓడిస్తే ఆ ముక్క మనది. స్క్రీన్ మూలకు ఎంతమందిని పడగొట్టామో లెక్క పెరుగుతూ ఉంటుంది. మొదటి రోజే నేను వెయ్యి దాటించాను. "అరేయ్, వెయ్యి మందిని కొట్టినవ్ రా" అని అన్న వీపు తట్టాడు. నిజం చెప్పాలంటే చాలా సంతోషం అయింది.

ఈ రకం ఆటను జపాను వాళ్లు 'ముసో' అంటారు. సాటిలేనివాడు అని దాని అర్థం. దీన్ని మొదలుపెట్టింది కోయెయి కంపెనీలోని ఒమేగా ఫోర్స్ అనే జట్టు. 2000 సంవత్సరంలో ప్లేస్టేషన్ 2 కొత్తగా వచ్చినప్పుడు వాళ్లు 'డైనాస్టీ వారియర్స్ 2' చేశారు. అది చైనా చరిత్ర. హాన్ వంశం కూలిపోయి మూడు రాజ్యాలు కొట్టుకున్న కాలం. ఒక వీరుడు సైన్యం మధ్యలోకి దూరి అందరినీ చెల్లాచెదురు చేయడం అందులో ఆట. మనకు ఇది కొత్త కాదు. పద్మవ్యూహంలో అభిమన్యుడు చేసింది అదే. మన సినిమాల్లో హీరో చేసేదీ అదే, కాకపోతే అభిమన్యుడు బయటికి రాలేదు, హీరో వస్తాడు. తర్వాత అదే జట్టు పేరున్న ఎనిమే కథలను తీసుకొని అదే పద్ధతిలో ఆటలు చేసింది. 2012లో మొదటి 'పైరేట్ వారియర్స్', 2015లో మేము ఆడిన మూడోది, 2020లో నాలుగోది.

కథ మాత్రం ఎయిచిరో ఓదా గారిది. 1997లో ఒక వారపత్రికలో బొమ్మల కథగా మొదలైంది, 1999 నుంచి టీవీలో వస్తోంది. లూఫీ అనే పిల్లవాడు ఓడదొంగల రాజు కావాలని బయలుదేరతాడు. ఈ కథలో ఓడదొంగలు మంచివాళ్లు, సర్కారు నౌకాదళం చాలాసార్లు చెడ్డది. ఇది గుర్తు పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

సెలవులు అయ్యాక బడికి వచ్చి, లైబ్రరీలో ఓడదొంగల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికితే తీసుకున్నాను. చదువుతుంటే ఆటలో పేర్లన్నీ కనబడ్డాయి. మూడు కత్తులతో కొట్టే జోరో ఇంటిపేరు రొరొనోవా. అది ఫ్రాంసు ఓడదొంగ లొలొనే పేరును జపాను నోటితో పలికితే వచ్చింది. అసలు లొలొనే 1660లలో వెనెజులాలోని మరకైబో ఊరిని దోచాడు. పట్టుబడ్డవాళ్లను ఎంత క్రూరంగా హింసించాడో ఆ కాలంవాళ్లే రాసిపెట్టారు. ట్రఫాల్గర్ లా పేరులో ఎడ్వర్డ్ లో ఉన్నాడు, వాడూ అంతే. నల్లగడ్డం ఎడ్వర్డ్ టీచ్ పేరును ఓదా రెండు ముక్కలు చేసి ఇద్దరికి పంచాడు. 'ఎడ్వర్డ్' తెల్లమీసాల ముసలాయనకు, 'టీచ్' ఆయనకు ద్రోహం చేసినవాడికి. అసలు టీచ్ 1718లో చార్లెస్టన్ రేవును మూసేసి, మనుషులను పట్టుకొని, విడిచిపెట్టడానికి ఏం అడిగాడో తెలుసా? మందుల పెట్టె. అదే సంవత్సరం నవంబరులో యుద్ధంలో చచ్చిపోయాడు.

ఇంతవరకు నాకు సరదాగానే ఉంది. కథలో కిడ్ అని ఇంకొకడున్నాడు. అతని పేరు వెనక ఉన్న విలియమ్ కిడ్ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మన సముద్రంలోకి వచ్చింది.

కిడ్ దొంగగా బయలుదేరలేదు. 1696లో ఇంగ్లండు రాజు ఇచ్చిన కాగితంతో, దొంగలను పట్టడానికి, శత్రువులైన ఫ్రెంచి వాళ్ల ఓడలను పట్టుకోవడానికి వచ్చాడు. దొంగలు దొరకలేదు, జీతం లేని నావికులు గొణగడం మొదలుపెట్టారు. ఒక తగాదాలో కిడ్ తన ఫిరంగి మనిషిని ఇనుప కడియాల బక్కెట్‌తో కొట్టాడు, అతను చచ్చిపోయాడు. 1698 జనవరిలో మలబారు తీరం దగ్గర 'క్వెడా మర్చంట్' అనే సరుకుల ఓడ కనబడింది. కిడ్ ఫ్రెంచి జెండా ఎగరేశాడు. ఆ ఓడవాళ్లు కూడా తమ దగ్గరున్న ఫ్రెంచి పాస్ చూపించారు. ఫ్రెంచి పాస్ ఉంది కాబట్టి శత్రువు ఓడ, నాకు హక్కుంది అన్నాడు కిడ్. కానీ అందులో సరుకు ఆర్మేనియన్ వర్తకులదీ మొగలు దర్బారు వాళ్లదీ. ఢిల్లీ బాదుషాకు కోపం వస్తే ఈస్టిండియా కంపెనీ వ్యాపారం పోతుంది. 1701లో లండన్‌లో విచారణ జరిగింది. ఆ ఫ్రెంచి పాసులు తెప్పించండి, అవే నా సాక్ష్యం అని కిడ్ మొత్తుకున్నాడు. అవి దొరకలేదన్నారు. హత్యకూ దొంగతనానికీ కలిపి ఉరి వేశారు. మొదటిసారి తాడు తెగింది, రెండోసారి వేశారు. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ పాసులు లండన్‌లో సర్కారు కాగితాల మధ్యనే బయటపడ్డాయి!

ఆటలో 'షిచిబుకాయ్' అని ఏడుగురు ఉంటారు. వాళ్లూ ఓడదొంగలే, కానీ సర్కారు తరఫున కొడతారు కాబట్టి సర్కారు వాళ్లను పట్టుకోదు. నేను ఇది ఓదా కల్పన అనుకున్నాను. కిడ్ చేతిలో ఉన్న కాగితం అలాంటిదే కదా.

బాదుషా కోపానికి ముందే కారణం ఉంది. 1695 సెప్టెంబరులో హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషువాడు, మక్కా యాత్ర నుంచి సూరత్‌కు తిరిగివస్తున్న 'గంజ్-ఇ-సవాయ్' ఓడను పట్టుకున్నాడు. అది ఔరంగజేబు సొంత ఓడ. లోపల నగదు, బంగారం మాత్రమే కాదు, హజ్ చేసుకొని ఇంటికి వస్తున్న వందల మంది ఉన్నారు. ఓడలోని ఫిరంగి ఒకటి తనంతట తనే పేలి సొంత మనుషులనే చంపింది, దాంతో కాపలా చెదిరిపోయింది. దొంగలు రోజుల తరబడి ఆ ఓడలోనే ఉండి జనాన్ని హింసించారు. అవమానం భరించలేక ఆడవాళ్లు సముద్రంలో దూకారని ఆ కాలం చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. సూరత్‌లో ఉన్న ఇంగ్లీషు వర్తకులను మొగలు అధికారులు బంధించారు. ఎవ్రీ మాత్రం ఎప్పటికీ దొరకలేదు. ఇంగ్లండులో అతని మీద పాటలు కట్టుకున్నారు, నాటకం ఆడారు.

ఇది చదివిన రాత్రి నాకు ఆ స్క్రీన్ మూల లెక్క గుర్తుకొచ్చింది. ఆటలో వాళ్లందరికీ ఒకే టోపీ, ఒకే మొహం. ఓడలో ఉన్నవాళ్ల పేర్లు కూడా ఆ పుస్తకంలో లేవు, ఓడ పేరు ఉంది, దోచినవాడి పేరు ఉంది.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. అదే పుస్తకం చివర మన పక్కనే ఉన్న అలీబాగ్ గురించి ఒక పేజీ ఉంది. అందులో 'మలబారు తీరపు ఓడదొంగ ఆంగ్రియా' అని ఉంది. సాంఘికశాస్త్రం పీరియడ్‌లో మేడం తలా ఒక విషయం చెప్పమంటే, ఓడదొంగలు మన దగ్గరా ఉండేవాళ్లు, కాన్హోజీ ఆంగ్రే పెద్ద ఓడదొంగ అని గొప్పగా చెప్పాను. ఆటలో ఓడదొంగ అంటే హీరో కదా, నాకు అది పొగడ్తలాగే అనిపించింది. సాయంత్రం మైదానంలో మా మరాఠీ మీడియం ఫ్రెండుకు కూడా అదే చెప్పాను. వాళ్లు కోలీలు, ఇల్లంతా సముద్రం మీదే బతుకుతారు. వాడు బంతి కింద పడేసి, "తో చోర్ నవ్హతా, సర్‌ఖేల్ హోతా" అన్నాడు. అంటే, ఆయన దొంగ కాదు, నౌకాదళ నాయకుడు అని. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా బాపును అడిగితే "నాకేం ఎరుక బిడ్డా, పోయి చూసొద్దాం పా" అన్నాడు. ఒక ఆదివారం లాంచీలో మాండ్వాకు, అక్కడి నుంచి బస్సులో అలీబాగ్‌కు పోయాం. కొలాబా కోట సముద్రంలో ఉంది. నీళ్లు వెనక్కి పోయినప్పుడు నడిచి పోవచ్చు, మళ్లీ ఎక్కేలోపల తిరిగి రావాలి. మా బాపు చెప్పులు చేతిలో పట్టుకొని, గంట గంటకూ నీళ్లకేసి చూస్తూనే ఉన్నాడు. ఊళ్లో కాన్హోజీ సమాధి ఉంది. 1729లో చనిపోయాడు.

తర్వాత మేడం ఇంకో పుస్తకం ఇచ్చింది. కాన్హోజీ మరాఠా రాజ్యానికి సర్‌ఖేల్. ఛత్రపతి శాహూ ఆ పదవిని ఒప్పుకున్నాడు. ఈ తీరంలో పోయే ఓడలు తన దగ్గర దస్తక్ అనే పాస్ తీసుకోవాలన్నాడు. పాస్ ఉంటే వదిలేవాడు, లేకుంటే పట్టుకునేవాడు. కంపెనీ మేమెందుకు తీసుకోవాలి అంది. 1712లో బొంబాయి గవర్నర్ సొంత ఓడనే ఆయన మనుషులు పట్టుకున్నారు. 1721లో ఇంగ్లీషువాళ్లు, పోర్చుగీసువాళ్లు కలిసి అలీబాగ్ మీదికి వచ్చి ఓడిపోయి పోయారు. అందుకే వాళ్ల పుస్తకాల్లో ఆయన దొంగ. కానీ పోర్చుగీసువాళ్లు 1500ల నుంచే ఈ సముద్రంలో అందరికీ 'కర్తాజ్' అనే పాసు అమ్మేవాళ్లు. మన మచిలీపట్నం నుంచి పోయే గోల్కొండ ఓడలకు కూడా అది కావాల్సి వచ్చేది. లేకుంటే వాళ్లూ ఓడ పట్టుకునేవాళ్లే. నేను చదివిన ఆ పుస్తకాల్లో వాళ్లను ఓడదొంగ అని పేరు పెట్టి పిలవలేదు. నా లెక్కలో ఇద్దరూ చేసింది ఒకే పని. కాకపోతే ఒకరిది ఈ ఊరు, ఇంకొకరిది కాదు. దోపిడీలో ఓడ పోగొట్టుకున్న వర్తకుడికి ఈ తేడా తెలుస్తుందో లేదో, అది వేరే మాట.

జపాను వాళ్లకూ ఇది తెలుసు. హొన్షూ, షికోకు దీవుల మధ్య సముద్రంలో నోషిమా అనే చిన్న దీవి మీద మురకామి అనే కుటుంబం ఉండేది. వాళ్లు సుంకం తీసుకొని ఓడలకు ఒక జెండా ఇచ్చేవాళ్లు. ఆ జెండా ఉంటే ఎవరూ ముట్టుకోరు. వాళ్లనూ కొందరు ఓడదొంగలు అన్నారు, కొందరు సముద్ర ప్రభువులు అన్నారు. 1588లో హిదెయోషి ఓడ దోపిడీలను నిషేధిస్తూ ఆజ్ఞ వేశాక వాళ్ల జెండాలకు విలువ పోయింది. మన తీరంలో కూడా అలాంటి రోజు వచ్చింది. 1756లో ఇంగ్లీషువాళ్లు కాన్హోజీ కొడుకు తుళాజీ నుంచి విజయదుర్గ్ పట్టుకున్నారు. ఇప్పుడు ముంబైలో మన నౌకాదళం స్థావరానికి ఐ.ఎన్.ఎస్. ఆంగ్రే అని పేరు.

మళ్లీ ఆట ఆడానా అని మీరు అడుగుతారు. ఆడాను. సంక్రాంతికి పోయి అన్నతో కలిసి మళ్లీ ఆడాను, జోరోతోనే. ఇప్పటికీ వెయ్యి దాటితే సంతోషమే అవుతుంది, అబద్ధం ఎందుకు. అన్నకు గంజ్-ఇ-సవాయ్ కథ చెప్పాను. విని, ఆట ఆపేసి, "మరి పోలీసుల దిక్కు ఆడొచ్చా ఇండ్ల?" అన్నాడు. వెతికితే నౌకాదళం పెద్దలతో కూడా ఆడొచ్చు. అటు నుంచి ఆడినా కొట్టే లెక్క అంతే పెరిగింది.

నా ఫ్రెండుకు సారీ చెప్పడానికి వాళ్లింటికి పోయాను. వాళ్ల నాన్న వలలు సరిచేస్తున్నారు. కాన్హోజీ దస్తక్ గురించి చెప్తే ఆయన నవ్వి, లోపల నుంచి ప్లాస్టిక్ కవరులో పెట్టిన కార్డు తెచ్చి చూపించారు. 2008లో సముద్రం మీది నుంచి ముంబై మీద దాడి జరిగాక మత్స్యకారులందరికీ వేలిముద్రల కార్డులు ఇచ్చారట. పడవ మీద నంబరు ఉండాలి, కార్డు దగ్గర ఉండాలి, కోస్ట్‌గార్డు వాళ్లు ఆపితే చూపించాలి. "మర్చిపోతే ఏమవుతుంది కాకా?" అని అడిగాను. ఆయన కార్డును మళ్లీ కవరులో పెట్టి, మూడు మడతలు వేసి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు.