ఖతీఫ్: ఊటనీరు, ఊరి ఖజానా

సౌదీ అరేబియా తూర్పుతీరంలో దమ్మామ్ నుంచి జుబైల్‌కు వెళ్ళే దారిలో ఖర్జూర తోటల మధ్య ఉన్న పాత పట్టణం ఖతీఫ్. ఎదురుగా తారూత్ ద్వీపం, మధ్యలో లోతు తక్కువైన అఖాతం, దాని అంచున మడచెట్లు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల మీద ఇంత పచ్చదనం నిలవడానికి కారణం భూగర్భజలం. వేల ఏళ్ళనాడు కురిసిన వాననీరు సున్నపురాతి పొరలలో ఒదిగి, తన ఒత్తిడితో తానే ఊటలై పైకి ఉబికేది. ఆ ఊటలే ఊరిని పోషించాయి.

అయితే తోటకు పారిన నీరంతా తోటలో ఇంకదు. మిగిలిన ఉప్పునీరు కాలువల ద్వారా సముద్రం చేరాలి. కాలువ పూడితే నీరు నిలుస్తుంది, నిలిచిన నీటిలో దోమ పెరుగుతుంది. పదహారవ శతాబ్దం మధ్యలో ఒట్టోమన్ తుర్కులు ఖతీఫ్‌ను స్వాధీనం చేసుకున్నారు. 1871లో మళ్ళీ వచ్చారు. 1913లో ఈ ప్రాంతం ఇబ్న్ సౌద్ వశమైంది. పాలకులు మారినా రాబడికి ఆధారం మారలేదు: ఖర్జూరం, ఓడరేవు సుంకం. తోటకు నీరు పారిస్తే పంట పెరుగుతుంది, దానితో పన్నూ పెరుగుతుంది. మురుగుకాలువ పూడిక తీసినందువల్ల దక్కే ఆరోగ్యం మాత్రం ఏ పద్దులోనూ జమ కాదు. మలేరియా ఆ నేలకు స్థిరనివాసి కావడంలో ఈ లెక్కకూ పాత్ర ఉంది.

ఈ చిక్కును ముందుగా గుర్తించినవారిలో తెలుగువారికి సుపరిచితుడైన రొనాల్డ్ రాస్ ఒకడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రాస్, ఆ తరువాత చాలాకాలం పురపాలకుల ఖర్చుల గురించే వాదించాడు. నీటిగుంటలు పూడ్చడానికి, కాలువలు బాగుచేయడానికి ప్రతి పట్టణమూ కొందరు పనివాళ్ళను శాశ్వతంగా నియమించుకోవాలని 1902లో పుస్తకమే రాశాడు. అదే ఏడాది సూయజ్ కాలువ కంపెనీ తన డబ్బుతో ఇస్మాయిలియాలో ఆ పని చేపట్టింది. కొన్నేళ్ళలోనే అక్కడ మలేరియా దాదాపు అంతరించింది. లాహోరు దగ్గరి మియాన్ మీర్ దండులో చేసిన ప్రయోగం విఫలమైందని ప్రభుత్వం తేల్చింది. చాలినంత ఖర్చు పెట్టకుండా పద్ధతిని తప్పుపట్టారని రాస్ బదులిచ్చాడు.

ఖతీఫ్‌కు ఇస్మాయిలియా తరహా అవకాశం చమురుతో వచ్చింది. 1938లో దహ్రాన్‌లో చమురు పడింది. 1945లో ఖతీఫ్ నేల కిందే మరో క్షేత్రం బయటపడింది. అరాంకో కంపెనీలో పనిచేసే స్థానికులు చాలామంది ఈ తోటల ఊళ్ళనుంచి వచ్చేవారు. కార్మికుడికి జ్వరం వస్తే పని ఆగుతుంది. 1940ల చివర్లో ఖతీఫ్, అల్ హసా ఊళ్ళలో ఇళ్ళ గోడలకు డీడీటీ చల్లడం మొదలైంది. జ్వరాలు వేగంగా తగ్గాయి. తోటల మురుగునీటి వ్యవస్థనంతా సరిచేయడంతో పోలిస్తే ఇది ఎంతో చవక. కానీ 1950ల మధ్యకల్లా ఇక్కడి ప్రధాన వాహకమైన అనాఫిలిస్ స్టెఫెన్సీ డీడీటీకి లొంగకుండా పోయింది. మన నగరాల్లో నీటితొట్లలో పెరిగే దోమ కూడా ఇదే. మందులు మార్చవలసి వచ్చింది. అరాంకో కీటకశాస్త్రజ్ఞుడు రిచర్డ్ డాగీ 1959లో ప్రచురించిన విస్తృత వ్యాసం ఈ పోరాటాన్ని నమోదు చేసింది. చవకైన ఉపాయం కొంత వ్యవధిని కొనిపెట్టింది, అంతే. నీరు నిలవకుండా చూడవలసిన పని అలాగే మిగిలింది.

శతాబ్దాల మలేరియా ఇక్కడి రక్తంలోనూ ఆనవాలు వదిలింది. కొడవలికణ జన్యువు ఒక్కటే ఉన్నవారికి తీవ్ర మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. రెండు జన్యువులూ సంక్రమించినవారికి జీవితాంతం వ్యాధి. ఖతీఫ్‌లో ఈ జన్యువు విరివిగా కనబడుతుంది. దాని తూర్పు అరేబియా రూపం, విశాఖ మన్యం వంటి భారతీయ గిరిజన ప్రాంతాల్లోని రూపం ఒకటే. వైద్యులు దాన్ని అరబ్-భారతీయ రూపమంటారు. 2004 నుంచి సౌదీలో వివాహానికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. మలేరియా పోయినా దాని బాకీ తరతరాలుగా తీరుతూనే ఉంది.

1970లలో చమురు ధర పెరిగాక డబ్బుకు కొరత పోయింది, నీటికి కొరత వచ్చింది. గొట్టపుబావుల తోడకంతో ఊటలు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఇళ్ళకోసం, తీరపు రహదారులకోసం తారూత్ అఖాతాన్ని పూడ్చారు. మడచెట్లలో గణనీయమైన భాగం పోయింది. మన కోరంగిలోనూ పెరిగే ఈ మడజాతి వేళ్ళ మధ్యనే రొయ్యపిల్లలు ఎదుగుతాయి. ఖతీఫ్ చేపలబజారుకు అవి ఆదాయం. అయితే పూడ్చిన స్థలానికి గజాల లెక్కన వెల ఉంటుంది, మడచెట్ల నీడకు ఏ లెక్కలోనూ వెల లేదు.

2005 మార్చి 3న తూర్పు రాష్ట్రంలో పురపాలక మండళ్ళకు ఎన్నికలు జరిగాయి. సగం స్థానాలకే ఎన్నిక, ఓటు పురుషులకే. స్త్రీలకు ఆ హక్కు 2015లో దక్కింది. షియాలు అధికసంఖ్యాకులైన ఖతీఫ్‌లో ప్రజలు ఈ ఎన్నికలను ఉత్సాహంగా స్వీకరించారు. కానీ గెలిచినవారికి పన్ను వేసే అధికారం లేకపోయింది. డబ్బు రియాద్‌లోని మంత్రిత్వశాఖ నుంచి రావలసి ఉండేది. మండలి పద్దులను పరిశీలించగలిగేది, సిఫారసు చేయగలిగేది. 2014 తరువాత చమురు ధర పడిపోయినప్పుడు రాజ్యమంతటా ఖర్చులకు కోత పడింది. అలాంటి వేళ రోడ్డుకూ మడతోపుకూ పోటీ పెడితే ఏది వెనక్కి పోతుందో ఊహించడం కష్టం కాదు.

ఈ పరిస్థితి తెలుగు పట్టణాలకు కొత్తది కాదు. 1993లో అమలైన 74వ రాజ్యాంగ సవరణ పర్యావరణ పరిరక్షణను పురపాలక సంఘాల బాధ్యతల జాబితాలో చేర్చింది. నిధుల నిర్ణయం మాత్రం ఎక్కువగా రాష్ట్రం చేతిలోనే ఉండిపోయింది. ఇంటిపన్ను ఉన్న మన పట్టణానికీ, పన్ను వేసే అధికారం లేని ఖతీఫ్‌కూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. కాలువ పూడిక తీయడానికి అయ్యే ఖర్చు ఈ ఏటి పద్దులో కనబడుతుంది. తీయకపోతే అయ్యే ఖర్చు మరెప్పుడో, మరొక శాఖ పద్దులోనో, ఒక కుటుంబం ఆసుపత్రి బిల్లులోనో తేలుతుంది. ఆ రెండింటినీ ఒకే పుటలో రాసే అధికారం స్థానికులకు లేనంతకాలం, ఖజానా నిండిన రోజుల్లో కూడా పొదుపు పేరిట మొదట ఆగేది ఆ కాలువ పనే.