పంతులు పోయిన జట్టు

2024 ఏప్రిల్‌లో రెండు సంగతులు కలిసొచ్చాయి. ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ జీవితం మీద తీసిన హిందీ సినిమా ‘మైదాన్’ దేశమంతటా విడుదలైంది. అజయ్ దేవగణ్ అందులో రహీమ్‌గా నటించాడు. సరిగ్గా అదే నెలలో ఇండియన్ సూపర్ లీగ్ పట్టికలో హైదరాబాద్ ఎఫ్‌సీ పన్నెండు జట్లకి పన్నెండో స్థానంలో సీజన్ ముగించింది. 22 ఆటలాడి గెలిచింది ఒక్కటంటే ఒక్కటి. పదహారు ఓడింది, అయిదు డ్రా చేసుకుంది. చేతికొచ్చినవి ఎనిమిది పాయింట్లు. రహీమ్ పుట్టి పెరిగి పాఠాలు చెప్పిన ఊరి పేరు పెట్టుకున్న జట్టు అది. వెండితెర మీద ఆ ఊరి ఫుట్‌బాల్‌కి జనం చప్పట్లు కొడుతుంటే, గచ్చిబౌలి మైదానంలో అది కూలిపోతోంది.

కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్లం మాకు హైదరాబాద్ ఫుట్‌బాల్‌తో ఏం చుట్టరికం అని అడగవచ్చు. ఉంది. 1956 నవంబర్ 1న రెండు ప్రాంతాలూ ఒక రాష్ట్రమయ్యాక హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మాదీ అయింది. కొన్నేళ్లకే ఆ పేరు పోయి ఆంధ్రా పోలీస్ అయింది. బెజవాడలోనో బందరులోనో పేపరు తిరగేసేవాడు ఢిల్లీలో ఆంధ్రా పోలీస్ డ్యూరాండ్ కప్పు గెలిచిందని చదివితే అది తన గెలుపే. ఆ గెలుపుల్లో మా డెల్టా కాలు ఒక్కటీ లేదన్నది వేరే మాట. దానికి మళ్లీ వస్తాను.

రహీమ్ బడిపంతులు. 1909లో పుట్టి, ఉస్మానియా యూనివర్సిటీలో బీఏ చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బడుల్లో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఆ తర్వాత జరిగింది ఇవాళ చెబితే కట్టుకథ అనుకుంటారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్లు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించింది. డ్యూరాండ్ మళ్లీ 1954లో, 1957లో, ఆంధ్రా పోలీస్ పేరుతో 1961లో వచ్చింది. 1956–57, 1957–58 సీజన్లలో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్ పేరుతోనే రెండుసార్లు ఇంటికి చేరింది.

ఈ లెక్కలన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి. నన్ను పట్టి ఉంచేది ఆ లెక్కల వెనకున్న పంతులుతనం. పిల్లలు కుడికాలికి అలవాటుపడితే ఎడమకాలు చచ్చుబడుతుందని రహీమ్ సాహెబ్ బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టేవాడు. బంతిని అట్టే పెట్టుకుని సొంత విన్యాసాలు చేసేవాళ్లకి పాస్ విలువ తెలియాలని, కాలికి తగిలిన వెంటనే బంతి వదలాల్సిన పోటీలు పెట్టేవాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అనే పల్లెలో తులసీదాస్ బలరామ్ అనే పేద కుర్రాడుండేవాడు. ప్రాక్టీసుకి అంతదూరం రావడానికి అతని దగ్గర డబ్బుల్లేవు. అద్దె సైకిలుకి రహీమే చేతిలో డబ్బు పెట్టి రమ్మనేవాడు. ఆ అద్దె సైకిలు మీద వచ్చిన కుర్రాడు రెండు ఒలింపిక్స్ ఆడాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన దేశం 1–10 తేడాతో ఓడింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. ఆ జట్టుకి శిక్షకుడు కూడా రహీమే. అంత అవమానం మోసుకొచ్చిన మనిషిని ఇంటికి పంపేసి ఉంటే ఈ కథ అక్కడే ఆగేది. పంపలేదు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4–2తో ఓడించి భారత్ సెమీఫైనల్‌కి వెళ్లింది. అక్కడ ఎదురైంది మళ్లీ యుగోస్లావియానే. ఈసారి మొదటి గోలు మనవాళ్లు కొట్టారు. చివరికి 1–4తో ఓడి, ఆపైన కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియాకి తలవంచి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఈ దేశం అంతకన్నా పైకి ఎప్పుడూ ఎక్కలేదు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ లాంటి హైదరాబాదీలు వరసగా కనిపిస్తారు. ఒక నగరం ఒక దేశపు జట్టుని మోసిన రోజులవి.

ఆఖరి అధ్యాయం జకార్తా. 1962 ఆసియా క్రీడల నాటికే రహీమ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. థాయిలాండ్‌ని, జపాన్‌ని, దక్షిణ వియత్నాంని దాటి ఫైనల్‌కొస్తే అక్కడా దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్‌లని పిలవనందుకు ఆ క్రీడల పేరునే ప్రశ్నించిన భారత ప్రతినిధి గురుదత్ సోంధీ మాటల మీద ఊరంతా మండిపడుతోంది. సెనయాన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం మనవాళ్లని గేలి చేస్తూ అరుస్తున్నారు. డిఫెన్స్‌లో ఆడే జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని ఫార్వర్డ్‌గా దింపాడు. సెప్టెంబర్ 4న పీకే బెనర్జీ ఒకటి, ఆ తల కుట్ల మనిషి ఒకటి గోలు కొట్టి 2–1తో బంగారు పతకం తెచ్చారు. హైదరాబాదీలు యూసుఫ్ ఖాన్, బలరామ్ ఆ రోజు మైదానంలో ఉన్నారు.

1963 జూన్ 11న రహీమ్ పోయాడు. యాభై నాలుగేళ్లు నిండలేదు. అదే ఏడాది జబ్బు చేసి బలరామ్ ఆట మానేశాడు. అతనికప్పటికి ముప్ఫై కూడా లేవు.

ఇక్కడినుంచి పతనమే. కానీ అది ఒక్కరోజులో రాలేదు. అందుకే ఎవరికీ కనబడలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో సంతోష్ ట్రోఫీ ఒకసారి వచ్చింది, బెంగాల్‌ని ఓడించి మరీ. తెలుగు నేల మొత్తానికి ఉమ్మడి పేరుతో దక్కిన సంతోష్ ట్రోఫీ అదొక్కటే. దీపం ఆరేముందు పెద్దదవుతుందంటారు కదా, అలాంటి వెలుగది. ఆ తర్వాత మనవాళ్లు గొప్పవాళ్లు కాకుండా పోలేదు. గొప్పవాళ్లు ఊళ్లో లేకుండా పోయారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. హైదరాబాదీ, ఆడింది కలకత్తాకి. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ తరఫున అతని జట్టు మీద గోలు కొట్టిన మహమ్మద్ హబీబ్‌ది హైదరాబాదే. బడే మియా అని కలకత్తా అతన్ని నెత్తిన పెట్టుకుంది. 1974లో ఆసియా యువజన టైటిల్‌ని ఇరాన్‌తో కలిసి గెలిచిన జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ కూడా ఇక్కడివాడే. అతనూ బొంబాయికి, కలకత్తాకి వెళ్లాడు.

వెళ్లినవాళ్లని తప్పు పట్టలేం. అక్కడ డబ్బుంది, జనముంది, పేరుంది. ఇక్కడ ఉన్నది పోలీసు ఉద్యోగం. బంతి ఆడే కుర్రాడికి ఆ ఉద్యోగమే అన్నం. పోలీసు జట్టులో చోటంటే జీవితాంతం జీతం, సాయంత్రం మైదానం. ఆ ఉద్యోగాల్లోకి కొత్త కుర్రాళ్లని తీసుకోవడం మందగించిన కొద్దీ ఆట మీద ఆశ పెట్టుకునేందుకు పేదింట్లో కారణం లేకుండా పోయింది. సంఘాల్లో తగాదాలు తోడయ్యాయి. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియమై క్రికెట్‌కి పెద్దపీట వేసింది. సిటీ పోలీస్ అయిదేళ్లు వరసగా ఏలిన రోవర్స్ కప్పు సైతం 2000–01తో ఆగిపోయింది. నాకు వీటన్నిటికన్నా పెద్దగా కనిపించేది ఒకటే. రహీమ్ తర్వాత మరో పంతులు రాలేదు. ఆయన పోటీలు, ఆయన పద్ధతి, ఆయన ఓపిక, అన్నీ ఆ ఒక్క మనిషితోనే పోయాయి. వాటిని రాసిపెట్టుకుని బడి బడికీ పంచే పని ప్రభుత్వం చెయ్యలేదు, పోలీసు శాఖ చెయ్యలేదు, ఆయన చదివిన యూనివర్సిటీ కూడా చెయ్యలేదు.

ఇక మా డెల్టా మాట. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది బెజవాడలోనే. బందరులో రాబర్ట్ నోబుల్ పెట్టిన బడి 1843 నాటిది. ఆంధ్రా లయోలా కాలేజీ యాభైల్లో వచ్చింది, సరిగ్గా రహీమ్ జట్టు దేశాన్ని గెలుస్తున్న రోజుల్లో. చదువుకి మాకు కొదవ లేదు. వాలీబాల్, కబడ్డీ ఆడని ఊరు మా వైపు తక్కువ. అయినా జాతీయ ఫుట్‌బాల్ ట్రోఫీలు గెలిచిన జట్ల జాబితాలో బెజవాడ పేరు లేదు, బందరు పేరు లేదు, గుడివాడ పేరు లేదు. రాష్ట్రం ఒకటై ఉన్న దాదాపు అరవై ఏళ్లలో, జకార్తా దాకా వెళ్లిన ఆ విద్యని మూడొందల కిలోమీటర్ల దూరం తెచ్చుకోలేకపోయాం. మా ఇందిరాగాంధీ స్టేడియం గురించి అడిగితే ఊళ్లో ఎవరైనా 2002 నవంబర్ 24న వెస్టిండీస్‌తో జరిగిన వన్డే గురించే చెబుతారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అక్కడే ఎండిపోవడానికి మా నిర్లక్ష్యం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. ఒక్క ఊరి మీద నిలబడ్డ ఆట ఆ ఊరితోనే పడిపోతుంది. రెండో ఊరు మేం కావలసింది.

2019 ఆగస్టులో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టినప్పుడు చాలామంది పాతవాళ్ల కళ్లు చెమర్చాయి. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది ఇది. గచ్చిబౌలిలో బాలయోగి స్టేడియం దాని ఇల్లు. ఆ బాలయోగి మన లోక్‌సభ స్పీకర్, 2002 మార్చి 3న అప్పటి మా కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయినవాడు. మొదటి సీజన్ దారుణంగా సాగింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే శిక్షకుడు వచ్చాడు. కుర్రాళ్లని నమ్మాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. ఒక గోలు వెనకబడి, ఆట ముగియబోతుండగా సాహిల్ తవోరా గోలుతో సమం చేసి, పెనాల్టీల్లో 3–1తో గెలిచారు. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. దేశంలోకెల్లా పెద్ద లీగ్ ట్రోఫీ మీద హైదరాబాద్ పేరు చెక్కారు.

ఆ రోజు సంతోషపడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ ఫైనల్లో మొదట దిగిన పదకొండుమంది పేర్లు చూడండి. మణిపూర్, సిక్కిం, ఉత్తరప్రదేశ్, బెంగాల్, గోవా, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా, అన్నీ ఉన్నాయి. హైదరాబాద్‌లో పుట్టినవాడు ఒక్కడు లేడు. మెల్‌బోర్న్‌లో దేశం చొక్కా కింద హైదరాబాద్ ఉండేది. గోవాలో హైదరాబాద్ చొక్కా కింద హైదరాబాద్ లేదు. అది ఆ ఆటగాళ్ల తప్పు కాదు, వాళ్లు చొక్కాకి న్యాయం చేశారు. వేళ్లు లేని చోట వాళ్లు పూయించిన పూత అది.

తర్వాతి సీజన్లో రెండో స్థానం, సెమీస్‌లో పెనాల్టీల్లో ఓటమి. 2023లో మార్కెజ్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత అంతా జీతాల కథ. ఆటగాళ్లకి బకాయిలు పడ్డాయి, ఫిఫా కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పెట్టింది, 2024 జనవరికల్లా పేరున్నవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తంగ్బోయ్ సింగ్తో అనే శిక్షకుడు మిగిలిన పిల్లలతో, ఒకే ఒక్క విదేశీయుడు జొయావ్ విక్టర్‌తో మిగతా సీజన్ ఈడ్చాడు. ఆ పిల్లలు ప్రతి వారం ఓడుతూ, మళ్లీ దిగుతూ, మార్చిలో చెన్నైలో చెన్నైయిన్ ఎఫ్‌సీ మీద 1–0తో గెలిచారు. ఆ లీగ్ సీజన్ మొత్తంలో అదే వాళ్ల ఏకైక గెలుపు. ఆ గెలుపుని నేను 2022 ట్రోఫీకన్నా తక్కువగా చూడలేను.

ఆ రోజుల్లోనే పాత తరం కూడా దాటిపోయింది. 2023 ఫిబ్రవరిలో బలరామ్, అదే ఏడాది ఆగస్టు 15న హబీబ్. బలరామ్ ఆఖరి రోజులు గడిచింది కలకత్తా వైపు ఉత్తరపాడాలో. హబీబ్ మాత్రం సొంతూరికి తిరిగొచ్చి ఇక్కడే కన్నుమూశాడు.

2024–25లో కొత్త యజమానులు వచ్చారు. పదమూడు జట్లలో పన్నెండో స్థానం. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌కి గచ్చిబౌలి ఆతిథ్యమిచ్చింది. ఆడినవి బెంగాల్, కేరళ. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు మారి, పేరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పసుపు చొక్కాలేసుకుని అరిచిన అభిమానులకి ఆ లీగ్‌లో మద్దతివ్వడానికి సొంత జట్టు లేదిప్పుడు. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో, అమ్ముగూడలో బంతి తన్నే పిల్లలు ఇవాళా ఉన్నారు. మా బెజవాడలోనూ ఉన్నారు. నూర్ మహమ్మద్ ఎవరో, యూసుఫ్ ఖాన్ ఎవరో వాళ్లకి చెప్పే పాఠం ఒక్కటైనా రెండు రాష్ట్రాల బడి పుస్తకాల్లో ఉండాలని, వాళ్ల సైకిలు అద్దెకి డబ్బిచ్చే పంతులు మళ్లీ ఒకడు రావాలని నేను అడుగుతున్నాను.