బ్రోషర్‌లో 4,000 కిలోలు.. మరి మీ ట్రక్ నిజంగా ఎంత లాగుతుంది?

ట్రావెల్ ట్రైలర్ అంటే ట్రక్ వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లు. అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా సెలవులకి అద్దెకు తీసుకుంటారు. "మా ట్రక్ 4,000 కిలోలు లాగుతుందంట" అని ధీమా. అసలు ఆ నంబర్ ఎవరు పెట్టారు? ఈ రోజు ఆ హిస్టరీ చూద్దాం.

1936లో వాలీ బైమ్ ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ తెచ్చాడు. విమానంలా రివెట్లు కొట్టిన అల్యూమినియం బాడీ. మామూలు కారు లాగాలి కాబట్టి బరువు తగ్గితేనే లాభం. తర్వాత ట్రైలర్లు పెరిగాయి, ట్రక్కులూ పెరిగాయి. "మాదే ఎక్కువ లాగుతుంది" అని కంపెనీల మధ్య పోటీ. కానీ ఎవరి టెస్ట్ వాళ్లదే!

అందుకే ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ, జే2807 అనే ఉమ్మడి పరీక్ష రాసింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గర 18 కిలోమీటర్ల ఎక్కుడు రోడ్డు. మండే ఎండలో, ఏసీ ఫుల్‌గా పెట్టి ట్రైలర్‌తో ఎక్కాలి. మామూలు పికప్ అయితే గంటకు 64 కిలోమీటర్ల కంటే తగ్గకూడదు. 2011 మోడళ్లతో టొయోటా ముందుగా ఒప్పుకుంది. టండ్రా నంబర్లు కిందికి దిగాయి. ట్రక్ అదే, కొలత మారింది, అంతే. 2015 మోడళ్లకు ఫోర్డ్, జీఎం, రామ్ పికప్‌లూ ఇదే దారికొచ్చాయి.

అయితే ఆ లెక్కలో ట్రక్‌లో ఉండేది ఇద్దరే, ఒక్కొక్కరు 68 కిలోలు. మరి మీ ఫ్యామిలీ?

ఎడ్లబండి గుర్తుందా? వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. ఇక్కడా అంతే. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. తగ్గితే ట్రైలర్ అటూ ఇటూ ఊగి ట్రక్‌నే తిప్పేయగలదు.

ఒక లెక్క వేద్దాం. నీళ్లు, సామాను అన్నీ నింపాక ట్రైలర్ 2,700 కిలోలు అనుకోండి. 12 శాతం అంటే 324. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద మనుషులకీ సామానుకీ కలిపి 600 అని ఉంది. మిగిలింది 276. నలుగురు ఎక్కితే, తలా 70 చొప్పున 280. ఒక్క బ్యాగ్ పెట్టకముందే లిమిట్ దాటేశారు! లాగే లెక్కలో మాత్రం ఇంకా 1,300 కిలోలు ఖాళీ కనిపిస్తుంది.

కాబట్టి బ్రోషర్ కాదు, ముందు స్టిక్కర్ చదవండి. అన్నీ సర్దాక వే బ్రిడ్జి ఎక్కించి తూకం వేయించండి. ఆ తర్వాతే హైవే.