సముద్రజల నిర్లవణీకరణలో మెంబ్రేన్ల అమరిక

రివర్స్ ఆస్మోసిస్ పద్ధతిలో సముద్రజలం నుంచి లభించే మంచినీటి పరిమాణం, నాణ్యత, అందుకయ్యే విద్యుత్తు ఖర్చు మెంబ్రేన్ అనే పలుచని పొర గుణంపైనే గాక, ఆ పొరలను ఏ వరుసలో, ఎన్ని దశలుగా నిలిపారన్న దానిపై కూడా ఆధారపడి ఉంటాయి.

లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుండే సముద్రజలానికి ద్రవాభిసరణ పీడనం, అంటే పొరకు ఆవలనున్న మంచినీటిని తనవైపు లాగుకొనే బలం, దాదాపు 27 బార్లు ఉంటుంది. దానిని మించిన ఒత్తిడి కలిగించినప్పుడే నీరు లవణాలను విడిచి ఎదురుదిశలో పొరను దాటుతుంది కనుక, కర్మాగారాలలో సాధారణంగా 55 నుంచి 70 బార్ల ఒత్తిడిని వాడతారు.

పాలీఅమైడ్ పొరలను నడుమ వలగుడ్డ వేసి, చిల్లుల గొట్టం చుట్టూ చాపలా చుట్టి, సాధారణంగా 8 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు గల చుట్టలుగా తయారుచేస్తారు. ఒక్కో పీడనపాత్రలో ఇటువంటివి ఆరు నుంచి ఎనిమిది వరకు ఒకదాని వెనుక ఒకటిగా ఉంటాయి. మొదటి చుట్ట విడిచిన ఉప్పునీరే రెండవదానికి అందుతుంది గనుక వెనుకకు పోయేకొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. సగం నీరు మంచినీరుగా వేరయ్యేసరికి మిగిలినదాని ద్రవాభిసరణ పీడనం 55 బార్ల దరిదాపులకు చేరుతుంది. ఫలితంగా ముందరి చుట్టలు భారమంతా మోసి త్వరగా మలినాలతో పూడుకుపోతుండగా, వెనుకటివి అతి తక్కువ నీటినే ఇస్తాయి. ఈ అసమానతను సరిచేయడానికి ముందు నీటిని నెమ్మదిగా వదిలే బిగువైన పొరలను, వెనుక సులువుగా వదిలే పొరలను కలిపి అమర్చడం తక్కువ ఖర్చుతో చేయగల మేలైన ఉపాయం.

నాణ్యతకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందరి చుట్టల నీరు స్వచ్ఛంగానూ, వెనుకటి చుట్టల నీరు కొంత ఉప్పగానూ ఉంటాయి. విద్యుదావేశం లేని బోరిక్ ఆమ్లం రూపంలో ఉండే బోరాన్ పొరలను తేలికగా దాటిపోతుంది. అది మోతాదు మించితే నిమ్మజాతి తోటలకు హానికరం. అందుకే బోరాన్‌ను తగ్గించడానికి, 2005లో ఉత్పత్తి ప్రారంభించిన ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్ కర్మాగారంలో వెనుకవైపు నీటిని మాత్రమే వేరుగా తీసి, క్షారత పెంచి, మరల పొరల గుండా పంపే ఏర్పాటు చేశారు. 2013లో ఆ దేశంలోనే ప్రారంభమైన సోరెక్ కర్మాగారంలో 16 అంగుళాల చుట్టలను నిలువుగా నిలపడం వల్ల పాత్రల సంఖ్య, అవి ఆక్రమించే స్థలం తగ్గాయి.

ఒకే దశ అమరికలో, చివర మిగిలే చిక్కటి ఉప్పునీటికి కావలసిన ఒత్తిడిని సముద్రజలమంతటికీ మొదటే ఇవ్వవలసి వస్తుంది. రెండు దశల నడుమ ఒత్తిడి పెంచే పంపును ఉంచినట్లయితే ఈ వృథా తగ్గుతుంది, రాబడిని, అంటే సముద్రజలంలో మంచినీరుగా వేరయ్యే వంతును, 60 శాతం వరకు తీసుకుపోవచ్చు. సగం నీటిని వేరుచేయడానికి సిద్ధాంతరీత్యా ఘనమీటరుకు ఒక యూనిట్‌కు కాస్త మించిన విద్యుత్తు చాలు. ఆధునిక కర్మాగారాలు మాత్రం మొత్తం మీద మూడు నుంచి నాలుగు యూనిట్లు వాడుతున్నాయి.