కంచెకు ఇవతల కెమెరా

సిద్దిపేట నుంచి జూబిలీ బస్‌స్టేషన్‌కు వచ్చే బస్సు రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, తూంకుంట దాటాక హకీంపేట వైమానిక స్థావరం పక్కనుంచి వెళ్తుంది. శిక్షణ విమానమో హెలికాప్టరో నేలకు అంత దగ్గరగా కనిపించే చోటు ఆ దారిలో మరొకటి లేదు. బస్సులో తలలన్నీ అటు తిరుగుతాయి, కానీ కెమెరా ఉన్నవాళ్లు కూడా దాన్ని బయటికి తీయరు. సైనిక స్థావరాల ప్రహరీ దగ్గర ఫొటోలు తీయకూడదన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఈ దారిలో ఇన్ని దశాబ్దాలుగా విమానాలు తిరుగుతున్నా, వాటిని నేలమీద నుంచి తీసిన మంచి ఛాయాచిత్రాలు మన దగ్గర ఎందుకింత తక్కువ? కెమెరాలు లేకపోవడం వల్లనే అన్న జవాబు తేలిగ్గా దొరుకుతుంది. నాకు అది సగం జవాబుగానే కనిపిస్తుంది. చట్టం ఫొటోగ్రాఫర్‌ను కంచెకు దూరంగా నిలబెట్టింది. ఆ దూరం పరికరం ధరను పెంచింది. ధర పెరిగాక, కెమెరా ఉన్నవాడికి కూడా విమానం అందకుండా పోయింది. ఈ మూడింటినీ ఒకే గొలుసుగా చూస్తేనే ఈ చరిత్ర అర్థమవుతుంది.

విమానాలకు ఇక్కడి ఆకాశంలో ఎప్పుడూ కొదవ లేదు. దుండిగల్ వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబర్ 11న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. 1971 జనవరిలో అక్కడ శిక్షణ మొదలైంది. దుండిగల్‌కు ఉత్తరాన ఉన్నది మెదక్ జిల్లా. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా సిద్దిపేట కూడా అందులోదే. కుర్రవాళ్లు ఎగరడం నేర్చుకునే ఆకాశం ఈ ఊళ్ల మీదిదేనని చెప్పడానికి దుఃఖకరమైన ఆధారాలున్నాయి. 2009 జూలై 31న హెచ్‌పీటీ-32 దీపక్ శిక్షణ విమానం మెదక్ జిల్లాలో కూలి ఇద్దరు పైలట్లు మరణించారు. ఆ తర్వాత ఆ రకం విమానాలనే పక్కన పెట్టేశారు. వాటి స్థానంలో 2013లో స్విట్జర్లాండ్ తయారీ పిలాటస్ పీసీ-7 వచ్చింది. 2023 డిసెంబర్ 4న తూప్రాన్ మండలం రావెల్లి దగ్గర ఒక పిలాటస్ కూలి మరో ఇద్దరు చనిపోయారు. అర్ధ శతాబ్దం మించిన శిక్షణలో జనం చేతిలో మిగిలిన బొమ్మల్లో ఎక్కువ భాగం ఇలాంటి శకలాలవే కావడం నన్ను బాధిస్తుంది. ఎగిరిన విమానానికి బొమ్మ లేదు, కూలినదానికి ఉంది.

ఇక చట్టం సంగతి. 1937 నాటి విమాన నిబంధనల్లో 13వ నిబంధన రెండు పనులను అనుమతి లేకుండా చేయవద్దంది: ప్రభుత్వ విమానాశ్రయంలో ఫొటో తీయడం ఒకటి, ఎగురుతున్న విమానంలోంచి ఫొటో తీయడం రెండోది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం సైనిక స్థావరాలను నిషిద్ధ స్థలాలుగా చూస్తుంది, దేశ భద్రతకు చేటు కలిగించే ఉద్దేశంతో వాటి బొమ్మ గీయడాన్నీ తీయడాన్నీ నేరంగా పరిగణిస్తుంది. జాగ్రత్తగా చదివితే ఈ నిబంధనలు చోటును కాపాడుతున్నాయే తప్ప, ఎగురుతున్న వస్తువును దాచడం లేదు. పొలం గట్టు మీద నిలబడి తలమీదుగా పోయే విమానాన్ని తీసే రైతును 13వ నిబంధన పట్టించుకోదు. అయినా నిషేధం గట్టుదాకా పాకింది. కంచె దగ్గర పుట్టిన భయం కంచె దగ్గరే ఆగదు కదా! విమానం వైపు కెమెరా ఎత్తడమే తప్పేమోనన్న సందేహం జనంలో స్థిరపడింది. 2004 డిసెంబర్‌లో పౌరవిమానయాన డైరెక్టరేట్ ప్రయాణికులకు విమానం లోపల ఫొటోలు తీసుకునే వీలు కల్పించింది. బయట నిలబడి చూసేవాడికి ఆ సడలింపుతో ఒరిగిందేమీ లేదు.

ఈ దూరం పరికరాన్ని ఎలా మార్చిందో చెప్పడానికి చిన్న లెక్క చాలు. శిక్షణ విమానం పొడవు సుమారు 10 మీటర్లు అనుకుందాం. 100 మీటర్ల దూరంలో అది ఎగురుతుంటే, మామూలు 50 ఎంఎం లెన్స్ ఉన్న ఫిల్మ్ కెమెరాలో దాని బొమ్మ 5 మిల్లీమీటర్లు వస్తుంది. 135 ఎంఎం లెన్స్ పెడితే పదమూడున్నర మిల్లీమీటర్లు, అంటే 36 మిల్లీమీటర్ల ఫ్రేములో మూడో వంతు పైనే. గోడకు వేలాడదీసే ఫొటోకు ఇది చాలు. అదే విమానం 500 మీటర్ల దూరానికి జరిగితే 50 ఎంఎం లెన్స్‌లో ఒక్క మిల్లీమీటరు చుక్క మిగులుతుంది. దాన్ని 8 మిల్లీమీటర్లు చేయాలంటే 400 ఎంఎం లెన్స్ కావాలి. కథ అక్కడితో అయిపోదు. 135 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర పెట్టి తగిన దూరానికి ఫోకస్ బిగిస్తే, నలభై మీటర్ల అవతల ఉన్నదంతా స్పష్టంగానే వస్తుంది. ఫోకస్ రింగు తిప్పే పనే లేదు. 400 ఎంఎం దగ్గర ఆ సుఖం పోతుంది. వందల మీటర్ల దూరంలో కూడా ఫోకస్ వెంటపడాలి. పైగా ఆ లెన్స్ చూసే వెడల్పు 5 డిగ్రీలు. సెకనుకు 100 మీటర్ల వేగంతో 200 మీటర్ల దూరంలో అడ్డంగా పోయే విమానం, కదలని కెమెరా ముందు సెకనులో అయిదో వంతు కూడా ఉండదు. 1985లో మినోల్టా 7000తో జనంలోకి వచ్చిన ఆటోఫోకస్, ఆ తర్వాత కదిలే వస్తువు ఎటు పోతుందో ముందే లెక్కగట్టే పద్ధతులు, 2022లో కానన్ ఆర్6 మార్క్ 2, సోనీ ఏ7ఆర్ 5 లాంటివి విమానాన్ని విమానంగా గుర్తుపట్టడం, ఈ పరిణామమంతా దూరం తెచ్చిన చిక్కును విప్పడానికి ఎక్కువగా అక్కరకొచ్చింది. కంచె పక్కన నిలబడగలిగితే వీటిలో సగం అవసరమే ఉండదు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. చట్టం లేకపోయినా సిద్దిపేటలో ఎవరు కొనేవారు? 1991కి ముందు దిగుమతి లైసెన్సులు, భారీ సుంకాలు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 ఉన్న ఇల్లే గొప్ప ఇల్లు. ఇందులో నిజం ఉంది. కానీ తర్వాతి కాలానికి ఈ మాట సరిపోదు. తెలంగాణ పట్టణాల్లో స్టూడియోలు పేదరికంతో ఆగలేదు. పెంటాక్స్, నికాన్ బాడీలు కొన్నాయి, పెళ్లిళ్ల కోసం పానాసోనిక్ ఎం-సిరీస్ వీహెచ్ఎస్ కెమెరాలు కొన్నాయి, డిజిటల్ కాలంలో 70-200 లెన్స్‌లు కొన్నాయి, ఇప్పుడు డ్రోన్లు ఎగరేస్తున్నాయి. పెట్టుబడి పెట్టింది మండపం కొలతకు. తలంబ్రాలు పడే క్షణం 10 మీటర్లలోపే ఉంటుంది, దానికి 400 ఎంఎం ఎందుకు? అంటే స్టూడియోలో ఉన్న లెన్స్ కంచె పక్కన నిలబడితే పనికొచ్చేది, కంచెకు దూరంగా మాత్రం పనికిరాదు. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సెన్సర్ చిన్నది కాబట్టి పెళ్లి వీడియో కెమెరాల జూమ్ చాలా దూరం అందుకునేది. విమానాన్ని తీయగల పరికరం అలా ఊళ్లోనే ఉంది. కానీ వీహెచ్ఎస్ టేపు చూపగలిగింది సుమారు 240 గీతల వివరమే, తోకమీది నంబరు చదవడానికి అది చాలదు. పైగా భుజం మీద అంత పెద్ద కెమెరా పెట్టుకుని విమానం వైపు గురిపెట్టేవాడిని ఊరంతా అనుమానంగా చూస్తుంది. లెన్స్ అందిన చోట భయం అడ్డొచ్చింది.

ఆ పాత వీడియో కెమెరాలో ఒక మేలు ఉంది, దాన్ని మరిచిపోకూడదు. నిమిషానికి 2000 సార్లు తిరిగే ప్రొపెల్లర్ సెకనులో వెయ్యో వంతులో 12 డిగ్రీలే కదులుతుంది. అంత వేగంగా షట్టర్ కొడితే రెక్కలు ఆగిపోయినట్టు, ఇంజను చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. 125వ వంతులో 96 డిగ్రీలు తిరిగి చక్రంలా పరుచుకుంటుంది. అందుకే ప్రొపెల్లర్ విమానం తీసేవాళ్లు షట్టర్‌ను కావాలనే నెమ్మదిగా పెట్టి, కెమెరాను విమానంతో పాటు తిప్పుతారు. ఇక్కడ షట్టర్ పని చేసే తీరూ ముఖ్యమే. 1910ల తొలినాళ్లలో ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ లార్టిగ్ తీసిన పందెం కారు చక్రాలు ముందుకు వాలిన అండాల్లా రావడానికి కారణం, ఫిల్మ్ ముందు సన్నని చీలిక నెమ్మదిగా కదలడం. శతాబ్దం తర్వాత నేటి ఫోన్లలో అదే దోషం మళ్లీ పుట్టింది. సెన్సర్ వరస తర్వాత వరస చదువుకుంటూ పోతుంది, ఈలోగా రెక్కలు తిరుగుతాయి, చివరికి ప్రొపెల్లర్ కొడవళ్ల గుంపులా వంగి కనిపిస్తుంది. సీసీడీ సెన్సర్ ఉన్న పెళ్లి కెమెరా మాత్రం బొమ్మనంతా ఒక్కసారిగా పట్టేది. మళ్లీ అలా పట్టే గ్లోబల్ షట్టర్‌ను పెద్ద సెన్సర్ స్టిల్ కెమెరాలో సోనీ 2023లో ఏ9 3తో తెచ్చింది. దాని ధర మాత్రం ఊరి స్టూడియోకు భారమే.

కంచె తెరిస్తే ఏమవుతుందో బేగంపేటలో చూశాం. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి. అదే ఏడాది బేగంపేటలో మొదలైన విమాన ప్రదర్శన, తర్వాత వింగ్స్ ఇండియా పేరుతో కొనసాగుతోంది. లోపలికి వెళ్లిన సందర్శకుడు కెమెరా దాచుకోనక్కర్లేదు, పెళ్లి లెన్స్‌తోనే విన్యాసాలు తీయొచ్చు. 2010 మార్చి 3న ఆ ప్రదర్శన తొలిరోజునే నౌకాదళ సాగర్ పవన్ బృందం కిరణ్ విమానం న్యూ బోయిన్‌పల్లిలో ఇళ్ల మధ్య కూలింది. ఇద్దరు పైలట్లు మరణించారు. అప్పుడు కెమెరాలన్నీ ఆకాశం వైపే ఉన్నాయి కాబట్టి విమానం కిందికి దిగిన తీరు వీడియోలో నిలిచింది. రావెల్లి దగ్గర కెమెరాలు చేరేసరికి మంటలే మిగిలాయి. ఒకటి ఎగిరేటప్పటి సాక్ష్యం, రెండోది కూలిన తర్వాతి సాక్ష్యం. ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునేవారికి ఈ తేడా చిన్నది కాదు.

భద్రత మాటేమిటి అంటారు. ఆ భయం ఉత్తదని నేను అనను. 1939లో చిన్న విమానంలో రహస్య కెమెరాలు అమర్చి జర్మనీ స్థావరాలను ఫొటో తీసిన ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్, 1948లో కరాచీ నుంచి నిజాం రాజ్యానికి విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. కెమెరా, విమానం కలిస్తే ఎంత ప్రమాదమో తెలిసిన మనిషి మన దక్కన్ నేల మీదే దిగాడు. అయితే కాటన్ కెమెరా పైనుంచి కిందికి చూసింది. 13వ నిబంధనలో రెండో సగం ఆ ముప్పుకు సరైన జవాబే. కిందినుంచి పైకి చూసే కెమెరాకు స్థావరం కనిపించదు, విమానం పొట్ట, వెనక ఆకాశం కనిపిస్తాయి. ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో గ్రీసు చూపింది. 2001 నవంబర్‌లో కలమాత దగ్గర బ్రిటన్, నెదర్లాండ్స్‌కు చెందిన 14 మంది విమాన ప్రేమికులను గూఢచారులంటూ పట్టుకున్నారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో శిక్ష పడింది, నవంబర్‌లో అప్పీలు కోర్టు నిర్దోషులని తేల్చింది. బ్రిటన్‌లో మాత్రం వేల్స్ కొండల మధ్య మాక్ లూప్ అనే లోయలో యుద్ధవిమానాలు 250 అడుగుల ఎత్తున దూసుకుపోతుంటే, జనం కొండ మీద కూర్చుని తీస్తారు. అక్కడ సైన్యం బలహీనపడిందని ఎవరూ అనలేదు.

హకీంపేట గోడ పక్కన అలాంటి తిన్నె కట్టమని అడగడం న్యాయం కాదు, అది సైనిక స్థావరం. శంషాబాద్ వేరు. మాంచెస్టర్, జూరిక్, ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయాల్లో చూసేవారికోసం ప్రత్యేకంగా చోట్లు ఉన్నాయి. వాటివల్ల విమానాలు ఆగలేదు. శంషాబాద్ రన్‌వేకు తగిన దూరంలో, సోదా చేసి లోపలికి పంపే ఒక వేదిక ఉంటే, సిద్దిపేట స్టూడియో కుర్రాడు వారాంతంలో తన 70-200 లెన్స్‌తోనే వచ్చి పని నేర్చుకోగలడు. రావాల్సింది మాత్రం చలికాలం ఉదయం పూటే. మే నెలలో నేలనుంచి లేచే వేడిగాలికి లెన్స్ ఎంత ఖరీదైనదైనా బొమ్మ అలలా వణుకుతుంది. అలా చెయ్యి తిరిగాక గజ్వేల్, తూప్రాన్ గట్ల మీద నిలబడినప్పుడు పైన పోతున్నది ఏ విమానమో, ఎంత ఎత్తున ఉందో, షట్టర్ ఎంత పెట్టాలో అతనికి ముందే తెలుస్తుంది.