పరాయిపిల్ల మిరప

గుండుగొలనులో మా అత్తగారు పండుమిరప గింజలు నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, పెరటి మడిలో చల్లేవారు. వారం పది రోజులకి మొలకలొచ్చేవి. నెల దాటాక నారు తీసి నాటడం నా వంతు.

ఇది మన తాతముత్తాతల నాటి పంటేననుకునేదాన్ని. కాదండీ! 1492లో కొలంబస్ అమెరికా దారి పట్టాకే మిరప బయటి ప్రపంచం చూసింది. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి మన దేశం చేరింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలూ, పిప్పళ్లూను.

అందుకే కాబోలు, తద్దినం వంటలో అత్తగారు మిరపకాయ పడనిచ్చేవారు కాదు. నాలుగొందల ఏళ్లు కాపురం చేసినా పరాయిపిల్లేనన్నమాట! కొత్తకోడలిని, నాకు దానిమీద జాలేసింది.

ఇప్పుడు అత్తగారు లేరు. ఆవిడ తద్దినానికి నేనూ మిరియాలే వేస్తాను. ఆవిడ దాచిన గింజల సంతతి మాత్రం మా పెరట్లో ఏటా మొలుస్తూనే ఉంది.